డప్పు, డ్రమ్ కిట్, 808 కిక్ ఒకే పాటలో: అన్నీ కలిపితే డప్పు ఒళ్ళు పోతోంది

#1 · దరువు_కరీంనగర్

అందరికి నమస్తే. జానపద పాట ఒకటి మిక్స్ చేస్తున్న, యూట్యూబ్‌ల పెట్టేది. 48 కిలోహెర్ట్జ్ సెషన్, టెంపో 112, తిశ్ర నడక (బీటుకు మూడు దెబ్బలు), 5 శ్రుతి. డప్పులు శాంపిల్ ప్యాక్‌లకెళ్లి తీసినవి కావు, మా దిక్కు కళాకారులతోనే కొట్టించి రికార్డ్ చేసినం.

ట్రాకులు ఇవి: లీడ్ డప్పుకు ముందట ఎస్ఎం57 మైక్, వెనక పక్కనుంచి చిన్న కండెన్సర్. నలుగురు కలిసి కొట్టిన గుంపు డప్పులకు స్టీరియో జత. డ్రమ్ కిట్ ప్రాక్టీస్ రూంల వేరేగా తీసినం: కిక్, స్నేర్ పైన, స్నేర్ కింద, ఓవర్‌హెడ్‌లు (కిట్ పైన పెట్టే మైకులు) రెండు. వీటి మీద 808 కిక్ (రోలాండ్ డ్రమ్ మెషీన్ల లోతైన కిక్ శబ్దం) ప్రోగ్రామ్ చేసిన.

ఏ ట్రాక్ సోలో పెట్టినా మస్తుంటది. అన్నీ కలిపితే మాత్రం డప్పు రేకు డబ్బా కొట్టినట్టు వినిపిస్తది. ఫోన్‌ల కిక్కే లేదు. కార్ల పెడితే కిక్ తప్ప ఇంకోటి లేదు. డప్పుకు 200 హెర్ట్జ్ కాడ 6 డీబీ పెంచి చూసిన, అయినా ఒళ్ళు, అంటే కింది బరువు, వస్తలేదు. ఈక్యూల, అంటే ఫ్రీక్వెన్సీలు పెంచి తగ్గించే దాంట్ల, ఎక్కడ కోయాలె, ఎక్కడ పెంచాలె? జర చెప్పుండ్రి.

#2 · ఫేజ్_పిచ్చి

అన్నా, ముందు ఆ 6 డీబీ తీసెయ్యండి. ఈక్యూలన్నీ బైపాస్ చేయండి. పెంచినా రావట్లేదంటే అక్కడ ఉన్న శబ్దాన్ని ఇంకో మైక్ తినేస్తోందని అర్థం.

డప్పుకు చర్మం ఒకవైపే ఉంటుంది, వెనక తెరిచే ఉంటుంది. సిర్ర (కుడిచేతి పుల్ల) తగలగానే చర్మం ముందు మైక్ నుంచి దూరంగా, వెనక మైక్ వైపుకు కదులుతుంది. ఒకే దెబ్బకు ఒక మైక్‌లో అల కిందికి మొదలైతే ఇంకోదాంట్లో పైకి మొదలవుతుంది. రెండూ సమానంగా కలిపారా, కింది ఫ్రీక్వెన్సీలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, దీన్నే ఫేజ్ సమస్య అంటారు. పుల్ల చప్పుడు మాత్రం మిగులుతుంది. మీకు వినిపిస్తున్న రేకు డబ్బా అదే.

వెనక కండెన్సర్ ట్రాక్ మీద పొలారిటీ బటన్ (అలను తలకిందులు చేసేది) నొక్కండి, సున్నాకు అడ్డగీత ఉన్న గుర్తు. మాస్టర్‌ని మోనోలో పెట్టి నొక్కుతూ, తీస్తూ వినండి. ఎటువైపు ఒళ్ళు నిండుగా ఉందో అదే ఉంచండి. స్నేర్ కింది మైక్‌కూ ఇదే కథ. పై చర్మం పై మైక్ నుంచి దూరంగా పోయినప్పుడు కింది చర్మం కింది మైక్ వైపుకు వస్తుంది.

తర్వాత ఓవర్‌హెడ్‌లు. స్నేర్‌కు దగ్గర మైక్ 5 సెంటీమీటర్ల మీద, ఓవర్‌హెడ్ ఒక మీటరు మీద ఉందనుకుందాం. తేడా 95 సెం.మీ. ధ్వని సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది కాబట్టి ఓవర్‌హెడ్‌కు 2.8 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. 48 కిలోహెర్ట్జ్‌లో అది 133 శాంపిళ్ళు. రెండూ కలిపితే 180 హెర్ట్జ్ దగ్గర గుంట పడుతుంది, మళ్ళీ 540 దగ్గర, 900 దగ్గర. స్నేర్ ఒళ్ళు ఉండేది ఆ 180 చుట్టుపక్కలే. అక్కడ ఎంత ఈక్యూ పోసినా గుంట పూడదు. ఓవర్‌హెడ్‌ల పొలారిటీ మార్చి వినండి, గుంట 360 వైపు జరుగుతుంది, 180 నిండుతుంది. మీ రూంలో, మీ దూరాలకు ఏది బాగుందో చెవే చెప్పాలి.

#3 · గోదారి_బీట్స్

నేను వేరే మాట చెప్తానండి, ఏమీ అనుకోకండి. ప్రాక్టీస్ రూంలో తీసిన కిట్‌తో ఇంత కుస్తీ ఎందుకు? కిక్, స్నేర్ రెండూ మంచి శాంపిల్స్‌తో మార్చేయండి. ఓవర్‌హెడ్‌లు తాళాల కోసం మాత్రం 400 కింద కోసేసి ఉంచుకోండి. లీడ్ డప్పు కింద కూడా ఒక డప్పు వన్-షాట్ (ఒకే దెబ్బ శాంపిల్) వేసేయండి. యూట్యూబ్‌లో ఇప్పుడు జానపదం వినేవాళ్ళలో ఎక్కువమంది ఫోన్‌లోనే వింటున్నారు. వాళ్ళకు దెబ్బ పడిందా లేదా అన్నదే లెక్క. పాట ఇచ్చే గడువు దగ్గర పడితే మైకుల ఫేజ్ సరిచేస్తూ కూర్చోలేం కదండీ. నేను కొట్టించేవన్నీ ఇలాగే వెళ్తున్నాయి, ఎవరూ తిప్పి పంపలేదు.

#4 · సౌండక్క

గోదారి తమ్ముడూ, కిట్ వరకు నీ మాట ఒప్పుకుంటా. ఈ పాటకు కిట్ అదనపు బలం మాత్రమే. డప్పు కింద వన్-షాట్ వేయడం మాత్రం నాకు ఇష్టం లేదు, కారణం చెప్తాను.

డప్పు కొట్టేవాడి చేతిలో రెండు పుల్లలుంటాయి. కుడిచేతి సిర్ర చర్మం కింది భాగంలో పడి బరువిస్తుంది. ఎడమచేతి సిటికెన పుల్ల పై అంచు దగ్గర ఆనుకుని సన్నగా, పదునుగా మోగుతుంది. సిర్ర ప్రతిసారీ ఒకే చోట పడదు. మధ్యకు జరిగితే గుమ్ము, అంచుకు పోతే ఖంగు. పైగా పుల్లను చర్మానికి ఒత్తితే దెబ్బ బిగుస్తుంది, వదిలితే తెరుచుకుంటుంది. దరువు మాట్లాడేది ఈ తేడాలతోనే. దాని కింద ప్రతి దెబ్బకూ ఒకే వన్-షాట్ పెట్టావంటే ఈ మాటలన్నీ ఒకే అక్షరమైపోతాయి. ఫోన్‌లో వినేవాడికి కారణం తెలియకపోవచ్చు, కానీ అడుగు కదలదు.

కరీంనగర్ తమ్ముడూ, నీ పాటలో ముందు తేల్చాల్సింది ఒకటుంది. దరువు నడిపేది ఎవరు? డప్పా, 808నా? ఇద్దరూ నాయకులైతే నువ్వు చెప్పిన సమస్యే వస్తుంది. నా లెక్కలో డప్పే. అప్పుడు మిగతావన్నీ దాని చుట్టూ సర్దుకోవాలి.

ఫేజ్ సరిచేశాక అన్ని ఫేడర్లూ కిందికి దించు. మోనోలో, చిన్న వాల్యూమ్‌లో, మొదట లీడ్ డప్పు, గాత్రం మాత్రమే ఎత్తు. ఆ రెండింటితోనే పాట నిలబడాలి. తర్వాత గుంపు డప్పులు, లీడ్ వెనక్కి పోనంత వరకు. ఆ తర్వాత 808, చివర కిట్. ఈక్యూ ముట్టకుండా కాసేపు ఫేడర్లతోనే ఉండు. సగం పని అక్కడే తేలిపోతుంది.

అప్పుడు ఈక్యూ. లీడ్ డప్పు మీద అనలైజర్ పెట్టి సిర్ర దెబ్బకు ఏ ఫ్రీక్వెన్సీ లేస్తుందో చూడు. అది 120 అయినా 160 అయినా ఆ జాగా డప్పుది. 808లో, కిక్ మైక్‌లో అదే చోట 3, 4 డీబీ తగ్గించు. 808కు దాని కింద జాగా ఉంది. 5 శ్రుతి అన్నావు, అంటే జి. కిక్ స్వరాన్ని 49 హెర్ట్జ్‌కు శ్రుతి చెయ్యి, తంబురాతో, బేస్‌తో కలిసిపోతుంది. సిటికెన పుల్ల పదును ఎక్కువగా 3 నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటుంది, గాత్రం స్పష్టత కూడా అక్కడే. డప్పును అక్కడ పెంచకు. గుంపు డప్పుల్ని అక్కడ 2 డీబీ తగ్గిస్తే లీడ్ దానంతట అదే ముందుకొస్తుంది.

ఇంకో ప్రశ్న. డప్పు టేకులన్నీ ఒకే కాకలో (మంట మీద ఒకసారి కాచిన వేడిలో) తీశారా?

#5 · దరువు_కరీంనగర్

అక్కా, ఫేజ్ అన్నా, ఇద్దరికీ దండాలు. వెనక మైక్ పొలారిటీ తిప్పంగనే డప్పు లేచి కూసుంది. ఈక్యూ ఏం లేకుండనే. స్నేర్ కిందిది గూడ తిప్పిన, ఓవర్‌హెడ్‌లు తిప్పితే ఇంక నిండుగైంది, అట్లనే ఉంచిన.

అక్క అడిగింది సరిగ్గ మా కష్టమే. పొద్దుగాల బయట గడ్డి మంట మీద కాచి తెచ్చిండ్రు, ఖంగుమన్నది. ఏసీ రూంల మెల్లగ దిగింది. పల్లవి టేక్‌కు, రెండో చరణం టేక్‌కు దాదాపు ఒక స్వరం తేడా ఉంది. అతికిస్తే తెలిసిపోతున్నది. పిచ్ షిఫ్ట్ చేస్తే దెబ్బ మొద్దుబారుతున్నది.

ఇంకోటి, 808కు, డప్పుకు రెండు దెబ్బలు వినబడుతున్నయి, డడం డడం అని. రెండూ గ్రిడ్ మీదనే ఉన్నయి అనుకున్న, దగ్గరికి జూమ్ చేస్తే డప్పు కొంచెం ముందట పడుతున్నది. డప్పును క్వాంటైజ్ చేయాల్నా, అంటే గ్రిడ్ మీదికి లాగాల్నా?

#6 · రిమ్‌షాట్_వైజాగ్

వద్దు వద్దు, డప్పును క్వాంటైజ్ చేయొద్దు. నేను కిట్ వాయించేవాణ్ణి, అందుకే ఇది గట్టిగా చెప్తున్నా. తిశ్రంలో దరువు వేసేవాళ్ళు మూడు దెబ్బల్నీ సమానంగా కొట్టరు. మూడోది కాస్త తోసుకుని వచ్చి, మొదటి దెబ్బ మీదకు పడుతుంది. ఆ తోపే జనాన్ని లేపేది. 112లో ఒక బీటు 536 మి.సె., అందులో మూడో వంతు 179. మనిషి చేతిలో అది 165 కావచ్చు, 185 కావచ్చు. అన్నింటినీ 179కి లాగితే యంత్రం వాయించినట్టు ఉంటుంది.

తిరగెయ్యండి. గ్రిడ్ వైపు డప్పును కాదు, డప్పు వైపు 808ను జరపండి. రెండు దెబ్బల మధ్య తేడా 10 మి.సె. లోపుంటే చెవికి ఒకే దెబ్బ, 25, 30 దాటితే రెండు. మీరు రీపర్ (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్) వాడుతుంటే డప్పు ఐటమ్ ఎంచుకుని ట్యాబ్ కీ నొక్కితే కర్సర్ ఒక్కో దెబ్బ మొదట్లోకి వెళ్తుంది. 808 మిడి నోట్లు అక్కడికి జరపండి. పాటంతా అక్కర్లేదు, సిర్ర, కిక్ కలిసే మొదటి బీట్లు చాలు.

కిట్ గురించి ఒక మాట. ప్రాక్టీస్ రూంలో తీసినప్పుడు ఓవర్‌హెడ్‌లలో తాళాలే ఎక్కువ పడతాయి, ఎందుకంటే పైకప్పు కిందికి ఉంటుంది, డ్రమ్మర్ గట్టిగా కొడతాడు. మిక్స్‌లో అది తగ్గదు. ఈసారి తీసేటప్పుడు మీ డ్రమ్మర్‌ని తాళాలు మెల్లగా, స్నేర్ గట్టిగా కొట్టమనండి. ఇంగ్లండ్ ఇంజనీరు గ్లిన్ జాన్స్ పేరుతో ఉన్న పద్ధతి ఉంది: స్నేర్ మీద ఒక మైక్, ఫ్లోర్ టామ్ పక్కన ఇంకోటి, రెండూ స్నేర్ నుంచి సరిగ్గా ఒకే దూరం, కిక్‌కు ఒకటి. దూరం ఒకటే కాబట్టి రెండింటికీ స్నేర్ ఒకేసారి చేరుతుంది. టేపు పెట్టి కొలుస్తారు, కేబుల్‌తో కొలిచినా సరే. మైకులు తక్కువున్న మనలాంటి వాళ్ళకు దీన్ని మించిన దారి లేదని నా నమ్మకం.

#7 · సౌండక్క

శ్రుతి దిగిన టేకుల గురించి. రెండో చరణం మళ్ళీ కొట్టించగలిగితే అదే మంచి మందు. దెబ్బ తీరు కూడా కాకతో మారుతుంది. బిగుతు చర్మం మీద సిర్ర ఎగిరి వెనక్కి వస్తుంది, దిగిన చర్మం మీద ఆగిపోతుంది. పిచ్ సరిచేసినా ఆ ఎగురు రాదు. రూంలో ఏసీ ఆపేసి, టేకు టేకు మధ్య డప్పు బయటికి పంపి కాయించండి. కాచి తెచ్చాక ఒక్క దెబ్బ రికార్డ్ చేసి పెట్టుకుంటే తర్వాతి కాకకు దాంతో పోల్చుకోవచ్చు. ఈ రోజుల్లో ఫైబర్ డప్పులు వచ్చాయి, శ్రుతి దిగవు. ఊరేగింపుకు సరే. దగ్గర మైక్ పెట్టినప్పుడు మేకతోలు ఇచ్చే ఒళ్ళు వాటికి లేదని నా అభిప్రాయం, కాదనేవాళ్ళూ ఉన్నారు.

మళ్ళీ పిలవడం కుదరకపోతే: అతుకు పల్లవికి, చరణానికి మధ్య పెట్టు. పాట మారే చోట చెవి తేడాను క్షమిస్తుంది. ఒకే చరణం మధ్యలో మాత్రం అతికించకు.

#8 · కృష్ణలంక_లైవ్

అందరూ మంచి మాటలు చెప్పారు. నేను చర్చిల్లో, కళ్యాణ మండపాల్లో లైవ్ సౌండ్ చేసేవాణ్ణి. ఫోన్‌లో కిక్ వినపడటం లేదన్నారు కదా, ఆ ముక్క నేను అందుకుంటాను.

ఫోన్ స్పీకర్‌లో 200 హెర్ట్జ్ కిందది దాదాపు ఏమీ రాదు. మీ 808 అసలు స్వరం 49. దాన్ని ఎంత పెంచినా ఫోన్ పలకదు, కారు మాత్రం పగిలిపోతుంది. మీ రెండు ఫిర్యాదులూ ఒకటే అసలు. కావలసింది దాని పై స్వరాలు: 98, 147, 196, 245 అలా, ముఖ్యంగా 200 దాటినవి. అవి వినపడితే, కింద 49 లేకపోయినా చెవి దాన్ని ఊహించుకుంటుంది. 808 అంటే దాదాపు శుద్ధమైన సైన్ తరంగం, పై స్వరాలు దాంట్లో పెద్దగా లేవు. అందుకని దానికి శాచురేషన్ (పై స్వరాలు పుట్టించే మెత్తని డిస్టార్షన్) ఇవ్వండి. 808ను డూప్లికేట్ చేసి, కాపీ మీద ముందు డిస్టార్షన్ పెట్టి, ఆ తర్వాత 100 కింద అంతా కోసి, 2 కిలోహెర్ట్జ్ పైన కూడా మెత్తగా కోసి, అసలు దాని కింద కొద్దికొద్దిగా కలపండి. స్టూడియో స్పీకర్లలో అది ఉందని తెలియకూడదు, మ్యూట్ చేస్తే మాత్రం లోటు తెలియాలి.

ఫిల్టర్ వేశాక కాపీకీ అసలుకూ ఫేజ్ జరుగుతుంది, గుర్తుంచుకోండి. మళ్ళీ ఒకసారి పొలారిటీ తిప్పి చూసుకోండి.

రెండోది, డ్రమ్స్ అన్నింటికీ ఒక ప్యారలల్ బస్, అంటే అసలు ట్రాకుల పక్కనే నడిచే కలిపిన కాపీ. డప్పులు, కిట్ అన్నీ సెండ్ చేసి అక్కడ కంప్రెసర్‌ని (గట్టి శబ్దాన్ని అణిచేది) గట్టిగా నొక్కించండి, 10 డీబీ తగ్గేదాకా. అటాక్ 20, 30 మి.సె. ఉంచితే దెబ్బ మొన తప్పించుకుని పోతుంది, రిలీజ్ 100 చుట్టూ. రిమ్‌షాట్ గారు చెప్పినట్టు మీ దెబ్బల మధ్య 179 మి.సె. ఉంది. రిలీజ్ దానికంటే పొడుగైతే కంప్రెసర్ ఊపిరి తీసుకునే లోపే తర్వాతి దెబ్బ పడుతుంది, దరువు చదునైపోతుంది. ఈ బస్సును అసలు డ్రమ్స్ కింద తక్కువ మోతాదులో ఎత్తండి. మెత్తగా కొట్టిన దెబ్బలు పైకొస్తాయి, గట్టి దెబ్బలు చెడవు. తాళాలు మాత్రం ఆ బస్‌కు పంపొద్దు, అవి నురగలా పొంగుతాయి.

#9 · గోదారి_బీట్స్

సౌండక్క గారు చెప్పిన రెండు పుల్లల సంగతి ఇంత లోతుగా నేను చూడలేదండి. వన్-షాట్ గురించి వాదన మానేస్తాను, కానీ ఒక మధ్యే మార్గం చెప్తాను. లీడ్ డప్పు ట్రాక్‌నే కాపీ చేసి, 200 పైన అంతా కోసి, దాని మీద గేట్ పెట్టండి, గట్టి సిర్ర దెబ్బలకే తెరుచుకునేలా. గేట్ రిలీజ్ 80 మి.సె. చుట్టూ. అప్పుడు బరువు అదే డప్పు నుంచి, అదే దెబ్బ నుంచి వస్తుంది. బయటి శాంపిల్ అక్కర్లేదు. సిటికెన పుల్ల జోలికి గేట్ పోదు.

808 తోక పొడుగు కూడా చూసుకోండి. 1980లో వచ్చిన రోలాండ్ పెట్టెలో డికే నాబ్ ఉండేది, ఇప్పటి శాంపిల్ 808లు అంతకంటే చాలా పొడుగు తోకతో వస్తున్నాయి. తిశ్రంలో దెబ్బలు దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి తోక తర్వాతి దెబ్బ మీదకు పాకితే అంతా బురదైపోతుంది. తర్వాతి దెబ్బ పడే లోపే కత్తిరించి ఫేడ్ ఇవ్వండి.

#10 · సౌండక్క

ఆ గేట్ ఆలోచన నాకు బాగా నచ్చింది తమ్ముడూ. దెబ్బ దెబ్బకూ తేడా అలాగే ఉంటుంది. గేట్ లుక్-అహెడ్ (దెబ్బను ముందే పసిగట్టే సమయం) 2, 3 మి.సె. ఉంచితే మొన కోసుకుపోదు.

#11 · దరువు_కరీంనగర్

అన్నీ పెట్టి చూస్తున్న. 808 నోట్లు డప్పు మీదికి జరిపిన, డడం పోయింది, ఒకటే దెబ్బ. ఫోన్‌ల గూడ కిక్ వస్తున్నది. రెండో చరణం మళ్ల కొట్టిస్తున్నం, ఆదివారం వస్తమన్నరు.

ఇగ రివర్బ్ ముచ్చట. పాటల జాతర ఉంటది, జాతరల డప్పులు మోగినట్టు రావాలె. పెద్ద హాల్ రివర్బ్ పెడితే డప్పు దూరం పోతున్నది, తీసేస్తే రూంల కొట్టినట్టే ఉన్నది. ఏం పెట్టాలె?

#12 · సౌండక్క

ఇది నాకు చాలా ఇష్టమైన ప్రశ్న.

జాతర ఆరుబయట జరుగుతుంది. ఆరుబయట రివర్బ్ ఉండదు. పైకప్పు లేదు, గోడలు లేవు, శబ్దం వెళ్ళిపోతుంది, తిరిగి రాదు. హాల్ రివర్బ్ పెట్టగానే డప్పు ఫంక్షన్ హాల్లోకి వెళ్ళిపోతుంది, అందుకే నీకు అది నప్పడం లేదు. జాతర వినిపించేది మూడు విషయాల వల్ల. చాలామంది కొడుతున్నారు, ఎవరి దెబ్బా అచ్చంగా ఒకేసారి పడదు. కొందరు దగ్గర, కొందరు దూరం. ఎక్కడో ఒక గోడకో, గుట్టకో తగిలి ఒక్క మారుమోత వెనక్కి వస్తుంది.

ఆ మూడే చెయ్యి. గుంపు డప్పుల స్టీరియో జతను పూర్తిగా అటూ ఇటూ పరుచు, లీడ్ మధ్యలో. గుంపుకు ఇంకో టేక్ ఉంటే దాన్ని తీసుకుని 6 కిలోహెర్ట్జ్ పైన కోసి, వాల్యూమ్ బాగా తగ్గించి పెట్టు. దూరం నుంచి వచ్చే శబ్దంలో పై ఫ్రీక్వెన్సీలు ముందు కరిగిపోతాయి, చెవికి అదే దూరం. ఒకే టేక్‌ను కాపీ చేసి జరపకు, మళ్ళీ ఫేజ్ గొడవ. తర్వాత ఒకే ఒక్క డిలే, 100 మి.సె., ఫీడ్‌బ్యాక్ సున్నా, 300 కింద, 4 కిలోహెర్ట్జ్ పైన కోసి, లీడ్ కంటే 15 డీబీ కింద. 100 మి.సె. అంటే 17 మీటర్ల దూరంలో ఉన్న గోడకు తగిలి వచ్చిన మోత. ఊళ్ళో గుడి ముందర సుమారు అంత దూరం ఉండొచ్చు. వెనక రివర్బ్ కావాలంటే అర సెకను లోపల, లీలగా.

స్థలమే డ్రమ్ శబ్దాన్ని తయారుచేసిన సందర్భాలు రికార్డింగ్ చరిత్రలో ఉన్నాయి. లెడ్ జెపెలిన్ 1971 ఆల్బమ్ కోసం హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనంలో జాన్ బోనమ్ కిట్‌ను కింద హాల్లో పెట్టి, ఇంజనీరు ఆండీ జాన్స్ మెట్ల మీద పైన రెండు మైకులు వేలాడదీశాడు. దగ్గర మైకుల గొడవే లేదు. 1979లో లండన్ టౌన్‌హౌస్ స్టూడియోలో దీనికి పూర్తిగా వేరే పని జరిగింది. ఫిల్ కాలిన్స్ వాయిస్తుంటే, డ్రమ్మర్‌తో మాట్లాడటానికి పెట్టిన మైక్‌లోంచి కంప్రెసర్ నొక్కిన రూం శబ్దం వినిపించింది. ఇంజనీరు హ్యూ ప్యాడ్‌గమ్ దానికి గేట్ పెట్టి, తోక ఠక్కున తెగేలా చేశాడు. ఎనభైల దశాబ్దంలో స్నేర్ ఎక్కువగా అలాగే మోగింది. ఆ రెండు స్థలాలూ వాళ్ళవి. నీ స్థలం జాతర, దాని పద్ధతి దానికి కావాలి.

#13 · రిమ్‌షాట్_వైజాగ్

అక్క చెప్పిన "ఎవరి దెబ్బా అచ్చంగా ఒకేసారి పడదు" అన్నదానికి చిన్న తోక. ఆదివారం వాళ్ళు ఎలాగూ వస్తున్నారు కదా, గుంపు టేక్ ఒకటి ఆరుబయట తీయండి. స్టూడియో వెనక ఖాళీ స్థలమున్నా చాలు. కాచిన వెంటనే కొట్టొచ్చు, ఏసీ గొడవ ఉండదు. స్టీరియో జత నాలుగైదు మీటర్ల దూరంలో. మైకులకు గాలి అడ్డు స్పాంజ్ తప్పనిసరి. క్లిక్ చెవిలో ఒక్కరికి ఇస్తే చాలు, మిగతావాళ్ళు అతని చేతిని చూసి కొడతారు, ఊరేగింపులో కొట్టేది అలాగే కదా.

#14 · మైక్_నంబర్3

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, మాస్టరింగ్‌లో లౌడ్‌నెస్ ఎంత పెట్టాలి? డప్పు పాటలు పక్క పాటల కంటే చిన్నగా వినిపిస్తాయేమోనని లిమిటర్ (శబ్దం హద్దు దాటకుండా ఆపేది) బాగా నొక్కుతుంటాను.

#15 · ఫేజ్_పిచ్చి

యూట్యూబ్ మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (సగటు లౌడ్‌నెస్ కొలత) చుట్టూ ఉంచుతుంది, అంతకంటే గట్టిగా ఉన్నదాన్ని తగ్గిస్తుంది. లిమిటర్‌తో మైనస్ 7కు తోస్తే అది 7 డీబీ తగ్గించి వినిపిస్తుంది, మీ దెబ్బ మొనలు మాత్రం పోయినవి పోయినట్టే. డప్పు పాటకు ఉన్న ఆస్తి ఆ మొనలే. మైనస్ 11, 12 దగ్గర ఆపేసి, లిమిటర్ 2, 3 డీబీ కంటే ఎక్కువ నొక్కకుండా చూసుకోండి.

#16 · దరువు_కరీంనగర్

ఆరుబయట టేక్ అయింది. రిమ్‌షాటన్నా, నువ్వు చెప్పినట్టే ఒక్కరికే క్లిక్ ఇచ్చినం. లీడ్ కొత్త టేక్ గూడ కాక మీద ఉన్నప్పుడే తీసినం, పల్లవితోని శ్రుతి కలిసింది. డిలే పెట్టంగనే పాట గుడి ముందటికి పోయింది, మా అమ్మ విని "బోనాలకు పోయినట్టున్నది బిడ్డా" అన్నది.

ఇంకొకటే మిగిలింది. కార్ల ఇంక కొంచెం బుంయ్ అంటున్నది, అన్ని చోట్ల కాదు, చరణాలల్ల బేస్ గిటార్ వచ్చినప్పుడే.

#17 · కృష్ణలంక_లైవ్

బేస్, 808 ఒకే జాగాలో కూర్చున్నాయి. బేస్ కూడా జి మీదే ఆగుతోంది కదా, అదీ 49నే పలుకుతోంది. బేస్ మీద కంప్రెసర్ పెట్టి సైడ్‌చెయిన్ 808కు కలపండి, 808 మోగినప్పుడే బేస్ తగ్గేలా. దెబ్బ పడ్డప్పుడు 3, 4 డీబీ వంగితే చాలు. అటాక్ వీలైనంత వేగం, రిలీజ్ 120 మి.సె., తర్వాతి దెబ్బకు ముందే బేస్ లేచి నిలబడాలి. డ్రమ్ బస్, బేస్ రెండింటికీ 30 హెర్ట్జ్ కింద కోసేయండి, అక్కడ మీకు పనికొచ్చేది ఏమీ లేదు. అప్పటికీ బుంయ్ అంటే బేస్‌లో 90 నుంచి 110 మధ్య సన్నగా 3 డీబీ తగ్గించి చూడండి, కొన్ని కార్లలో క్యాబిన్ ఊగేది అక్కడ కావచ్చు. ఇవన్నీ పాటంతా మీద కాకుండా చరణాల్లో మాత్రమే ఆటోమేషన్‌తో పెట్టండి. పల్లవిలో బేస్ ఎలాగూ లేదన్నారు, అక్కడ 808 పూర్తి బరువుతో ఉండనివ్వండి.

#18 · సౌండక్క

సైడ్‌చెయిన్ పెట్టాక కారుకు పోయే ముందు, స్పీకర్ల వాల్యూమ్ మాట్లాడే గొంతు కంటే కిందికి దించి ఒకసారి విను. చెవి మెల్లని వాల్యూమ్‌లో బేస్‌ను తక్కువగా పట్టుకుంటుంది. అంత మెల్లగా విన్నప్పుడు కూడా 808 డప్పు కంటే ముందు వినిపిస్తోందంటే దాన్ని ఇంకో డీబీ దించు. వినపడీ వినపడనట్టుండి, డప్పు, గాత్రం స్పష్టంగా ఉంటే అక్కడే ఆపెయ్యి. ఆరుబయట గుంపు టేక్‌లో 150 కింద కూడా కోసెయ్యి, గాలి గుమ్ము ఉంటుంది, లీడ్ సిర్రకు అడ్డం రాకూడదు.